దొరకలేదంటే లేదని కాదు

చింతూరు ఏ జిల్లాలో ఉందని అడిగితే మా వైపు పెద్దవాళ్లు వెంటనే జవాబు చెప్పరు. ఎప్పటి మాట అడుగుతున్నావని ఎదురు ప్రశ్న వేస్తారు. అది న్యాయమైన ప్రశ్నే. 1959 దాకా అది తూర్పు గోదావరి. ఆ ఏడాది భద్రాచలం ప్రాంతంతో పాటు ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాల్లో ఒకటిగా మళ్లీ తూర్పు గోదావరికి పోయింది. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. ఊరు ఉన్నచోటే ఉంది, శబరి పక్కనే పారుతోంది. మారిందల్లా ఆ ఊరి మీద చెల్లే ఉత్తర్వులు, కాగితం పట్టుకుని తిరగాల్సిన ఆఫీసులు, రేషన్ కార్డు మీద ఉండే రాష్ట్రం పేరు.

భద్రాచలం సంగతి ఇంకా చిక్కు. 2014లో భద్రాచలం రెవెన్యూ గ్రామం ఒక్కటి తెలంగాణలో ఉండిపోయింది, ఆ మండలంలోని మిగతా ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. రాములవారి గుడి ఇటు ఉంటే, గుడి భూములున్న పురుషోత్తపట్నం అటు ఉంది. పట్టణంలో చర్ల బస్సెక్కినవాళ్లు ఎటపాక మీదుగా ఆంధ్ర ఊళ్లు దాటి మళ్లీ తెలంగాణలోకి వస్తారు, టికెట్ మాత్రం ఒక్కటే. 2016 అక్టోబర్ 11న ఖమ్మం నుంచి విడిపోయి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. ఈ ప్రాంతం గురించిన పాత గెజిట్లు, సర్వే కాగితాలు, పరిశోధన వ్యాసాలు అన్నీ ఒకచోట పోసి ఒక కంప్యూటర్‌కు చదివిస్తే, చింతూరు ఏ జిల్లా అన్నదానికి అది చెప్పే ప్రతి జవాబూ ఏదో ఒక ఏడాదికి నిజమే అవుతుంది.

నేను చేసే పనికి దీనితో దగ్గరి సంబంధం ఉంది. నాది టెక్నికల్ డాక్యుమెంటేషన్ రాసే ఉద్యోగం, ఖమ్మంలో ఇంటి నుంచే చేస్తాను. కొంతకాలంగా నా చేతిలో ఉన్నది ఫైర్‌వాల్ కాన్ఫిగరేషన్‌ను వెతికి చూపే ఒక టూల్. దాన్ని వాడేది ఏఐ ఏజెంట్లు. ఎక్కడో ఒక ఆఫీసులో ఒకరికి పోర్టల్ తెరుచుకోదు. ఫిర్యాదు టికెట్‌గా వస్తుంది, ఆ టికెట్‌ను మొదట చదివేది ఏజెంట్. ఫలానా కంప్యూటర్ నుంచి ఫలానా సర్వర్‌కు దారి ఉందా, మధ్యలో ఫైర్‌వాల్ ఆపుతోందా అని అది ఈ టూల్‌ను అడుగుతుంది. వచ్చిన జవాబును బట్టి తర్వాతి పని చేస్తుంది. ఈ టూల్ ఏం చేస్తుంది, ఏమేం ఇచ్చి అడగాలి, జవాబును ఎలా చదువుకోవాలి అన్నది ఏజెంట్‌కు చెప్పే రాత నాది.

ఈ తరహా పనికి ఇప్పుడు ఒక ఒప్పుకున్న పద్ధతి ఉంది. ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబర్‌లో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే దాన్ని విడుదల చేసింది, అందరూ ఎంసీపీ అంటున్నారు. అందులో ప్రతి టూల్‌కూ ఒక పేరు, ఒక వివరణ, ఇవ్వాల్సిన వివరాల పట్టిక ఉంటాయి. టూల్ లోపల ప్రోగ్రామ్ ఎలా రాశారో ఏజెంట్‌కు మామూలుగా కనిపించదు. కనిపించేది ఆ పేరు, ఆ వివరణ, ఆ పట్టిక. మనిషి కోసం రాసిన మాన్యువల్‌లో ఒక వాక్యం తేలిపోయినా పని నడిచిపోతుంది. చదివేవాళ్లు పక్క సీటులో వాళ్లను అడుగుతారు, పోయిన నెల ఇలాంటిదే వచ్చింది కదా అని గుర్తు చేసుకుంటారు, ఏదో తేడాగా ఉందనిపిస్తే చేయి ఆపుతారు. ఏజెంట్ మామూలుగా ప్రతి టికెట్‌కూ మొదటిసారి చదివినట్టే చదువుతుంది. నేను రాసింది ఎలా ఉంటే అలా నడుచుకుంటుంది. కాబట్టి నేను ఒక వాక్యం మారిస్తే ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా టూల్ వాడకం మారిపోతుంది. పాతికమంది చదివి మర్చిపోయే పేజీకీ దీనికీ ఉన్న ఈ తేడా నన్ను ప్రతి మాట దగ్గరా ఆపుతోంది.

ఫైర్‌వాల్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఆఫీసు నెట్‌వర్క్‌కూ బయటి లోకానికీ మధ్య, లేదా ఆఫీసులోనే ఒక విభాగానికీ మరో విభాగానికీ మధ్య కూర్చుని, వచ్చే పోయే ప్రతి డేటా ప్యాకెట్‌నూ చూసే యంత్రం అది. దాని దగ్గర రూల్స్ జాబితా ఉంటుంది. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ పోర్టు మీద, రానివ్వాలా వద్దా. చాలా ఫైర్‌వాల్స్ ఆ జాబితాను పైనుంచి కిందికి చదువుతూ వస్తాయి. మొదట ఏ రూల్ సరిపోతే దాని మాటే చెల్లుతుంది, అక్కడితో చదవడం ఆపేస్తాయి. చివరిదాకా ఏదీ సరిపోకపోతే రానివ్వవు.

వినడానికి ఇంత తేలిక. ఇప్పుడు ఒక జాబితాను దగ్గరగా చూద్దాం. 12వ రూల్ ఇలా ఉంది: 10.20తో మొదలయ్యే అడ్రసులు ఏవీ 10.30.1.8 సర్వర్ దగ్గరికి రాకూడదు, ఏ పోర్టు మీదా రాకూడదు. కింద 27వ రూల్: 10.20.5తో మొదలయ్యే అడ్రసుల్ని అదే సర్వర్‌కు 443 పోర్టు మీద రానివ్వాలి. 27 పక్కన ఎవరో కామెంట్ కూడా రాశారు, అకౌంట్స్ సెక్షన్‌కు పర్మిషన్ ఇచ్చాం అని. అకౌంట్స్ సెక్షన్‌లోని 10.20.5.14 కంప్యూటర్ ఆ సర్వర్‌ను చేరగలదా?

చేరలేదు. 12వ రూల్ దగ్గరే కథ ముగిసింది. 27 అనేది కాన్ఫిగరేషన్‌లో ఉంది, తప్పుల్లేకుండా ఉంది, ఆన్‌లోనే ఉంది, దాని దాకా ఈ ప్యాకెట్ ఎన్నడూ రాదు. ఈ పనిలో ఉన్నవాళ్లు దీన్ని షాడో రూల్ అంటారు. పర్మిషన్ అడిగినరోజు ఎవరో తొందరలో జాబితా చివర చేర్చి, పైన ఏముందో చూడకుండా టికెట్ మూసేస్తే ఇలాంటివి పుడతాయి. ఏళ్ల తరబడి నడిచిన ఫైర్‌వాల్‌లో వెతికితే ఇవి దొరక్క మానవు.

మా టూల్ తొలి రూపం అడ్రసు ఇస్తే, ఆ అడ్రసు తగిలే రూల్స్ అన్నీ తీసి ఇచ్చేది. ఏజెంట్‌కు 12, 27 రెండూ వచ్చాయి. రెండో దాంట్లో అకౌంట్స్ అన్న మాట ఉంది, టికెట్‌లోనూ అకౌంట్స్ అన్న మాట ఉంది. దారి తెరిచే ఉంది, సమస్య కంప్యూటర్‌లో ఉంది అని ఏజెంట్ రాసేసింది. ఆ జవాబు చూసి మా బృందంలో కొత్తగా చేరిన కుర్రాడు నాకు ఫోన్ చేశాడు.

"రూల్ ఉంది కదక్కా. అలో అనే ఉంది, కామెంట్ కూడా ఉంది. ఇది చెప్పింది తప్పెట్లా అవుతుంది?"

"27 చదివావు. 12 చదివావా తమ్ముడూ?"

చదివాడు. కాసేపటికి, "రెండూ ఇచ్చిందిగా మరి, వరుస చూసుకోమని ఎక్కడా చెప్పలేదు" అన్నాడు. అతను అన్నది సరైన మాట. మనుషుల్లో ఫైర్‌వాల్ తెలిసినవాళ్లకు వరుస గురించి చెప్పక్కర్లేదు, అది వాళ్ల వేళ్లలోనే ఉంటుంది. ఏజెంట్‌కు కూడా పుస్తక జ్ఞానంగా ఆ సంగతి తెలుసు, అడిగితే చక్కగా వివరిస్తుంది. అయినా చేతికి రెండు రూల్స్ ఇచ్చి, వాటిలో ఒకదాని పక్కన టికెట్‌కు అచ్చంగా సరిపోయే మాట పెడితే, అటే మొగ్గుతుంది. తెలిసి ఉండటం వేరు, సమయానికి ఆ తెలివి వాడటం వేరు. రెండోదానికి దారి వేయడమే ఇక్కడ డాక్యుమెంటేషన్ పని.

ఆ తర్వాత టూల్‌ను రెండుగా విడగొట్టారు. ఒకటి రూల్స్‌ను వెతికి చూపేది. మరొకటి ఫైర్‌వాల్ చదివినట్టే వరుసగా చదివి, ఫలానా ప్యాకెట్‌కు ఏ రూల్ తగులుతుందో, తీర్పు ఏమిటో చెప్పేది. మొదటిదాని వివరణలో నేను పెట్టిన మొదటి వాక్యం, అది దేనికి పనికిరాదో చెబుతుంది. తెలుగులో చెప్పాలంటే: దారి తెరిచి ఉందా మూసి ఉందా తేల్చడానికి దీన్ని వాడొద్దు, దానికి రెండో టూల్ ఉంది. టూల్ ఏం చేస్తుందో గొప్పగా చెప్పుకునే వాక్యాలు ఎన్ని రాసినా రానంత మార్పు ఈ ఒక్క వద్దు వల్ల వచ్చింది. ఏ పనిముట్టుకైనా వివరణ రాసేటప్పుడు ముందు దాని హద్దు రాయాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పైనుంచి కిందికి అన్నాను గానీ, అన్నిచోట్లా అలా ఉండదు. ఓపెన్‌బీఎస్‌డీలో ఉన్న పీఎఫ్ అనే ఫైర్‌వాల్‌లో చివరగా సరిపోయిన రూల్ మాట చెల్లుతుంది, మధ్యలో క్విక్ అన్న మాట పెడితే తప్ప. అమెజాన్ క్లౌడ్‌లో సెక్యూరిటీ గ్రూప్ అనే దాంట్లో వరుసే లేదు, వద్దు అనే రూల్ కూడా లేదు, ఉన్నవన్నీ రానిచ్చేవే. పాలో ఆల్టో ఫైర్‌వాల్స్‌లో అడ్రసు మార్పిడి జరిగే చోట రూల్‌లో రాయాల్సింది మారకముందు అడ్రసు, జోన్ మాత్రం మారిన తర్వాతది. ఒక్కో కంపెనీది ఒక్కో సంప్రదాయం. ఒకదాని అలవాటుతో మరొకదాన్ని చదివితే తీర్పు తలకిందులవుతుంది. అందుకే జవాబులో ఫైర్‌వాల్ రకం కూడా రావాలని పట్టుబట్టాను.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ రోజులు పట్టుకున్నది ఖాళీ జవాబు. ఏజెంట్ అడుగుతుంది, టూల్ ఏమీ దొరకలేదని ఖాళీ జాబితా తిరిగి ఇస్తుంది. దాని అర్థం ఏమిటి? జాబితా అంతా చదివినా ఏ రూలూ సరిపోలేదు, కాబట్టి రానివ్వదు అని కావచ్చు. దారిలో మూడు ఫైర్‌వాల్స్ ఉంటే వాటిలో ఒకటి ఆ సమయానికి అందలేదు, దానిలో ఏముందో చూడలేదు అని కావచ్చు. అడిగిన రెండు కంప్యూటర్లూ ఒకే నెట్‌వర్క్ ముక్కలో ఉన్నాయి, వాటి మాటలు ఫైర్‌వాల్ దాకా రావనే రావు, దాన్ని అడగడమే అనవసరం అని కూడా కావచ్చు. మొదటి అర్థంలో దారి మూసి ఉంది. రెండోదాంట్లో తెలియదు. మూడోదాంట్లో దారికి ఫైర్‌వాల్‌తో పనే లేదు. మూడింటికీ బయటికి కనిపించే ముఖం ఒకటే, ఖాళీ. ఆ ఖాళీని ఏజెంట్ ఏదో ఒక అర్థంతో నింపుతుంది, ఎక్కువసార్లు తన పని ముందుకు సాగే అర్థంతో నింపుతుంది.

ఈ చిక్కు కంప్యూటర్ల వాళ్లు పుట్టించింది కాదు. ఇక్కడి అడవిలో ఎండాకాలం పని చేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. మార్చి వచ్చేసరికి పాల్వంచ, కిన్నెరసాని, మణుగూరు వైపు అడవుల్లో ఆకు రాలి నేలంతా ఎండు పరుపు పరుచుకుంటుంది. ఇప్పపువ్వు ఏరుకునేవాళ్లు చెట్టు కింద ఆకు కాలుస్తారు, రాలిన పువ్వు కనబడాలని. తునికాకు లేతగా చిగురించాలని కొన్నిచోట్ల నిప్పు పెడతారు. గాలి మారితే అది కొండెక్కుతుంది. అటవీ శాఖవాళ్లు ముందుగానే ఫైర్ లైన్లు కొట్టి, ఆకు ఊడ్చి, ఫైర్ వాచర్లను పెట్టుకుంటారు. దానితో పాటు డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలు పట్టిన మంటల సమాచారాన్ని కింది స్థాయి సిబ్బంది ఫోన్ల దాకా పంపిస్తుంది, ఏ బీట్‌లో పొగ లేచిందో చెబుతుంది.

ఎంతో మేలు చేసే ఏర్పాటు అది. అయితే అలర్ట్ రాలేదు కాబట్టి మంట లేదని ఏ బీట్ ఆఫీసరూ అనుకోకూడదు. ఉపగ్రహం రోజంతా నెత్తిమీద నిలబడి ఉండదు, రోజులో కొన్నిసార్లే అలా దాటిపోతుంది. మోడిస్ అనే పరికరం మంటల్ని కిలోమీటరు గడిలో చూస్తుంది, వీర్స్ అనేది 375 మీటర్ల గడిలో చూస్తుంది. చెట్ల గొడుగు కింద నేల మీద పాకే సన్నని మంట ఆ గడిలో కలిసిపోవచ్చు. మబ్బు అడ్డం రావచ్చు. అలర్ట్ వస్తే వెళ్లి చూడాలి. రాకపోతే? ఉపగ్రహం ఎప్పుడు దాటింది, మబ్బు ఉందా అన్నది తెలిస్తే తప్ప ఆ రాకపోవడానికి విలువ లేదు. వాచర్ అడవిలో నడిచి రావడం మానడు.

మా టూల్ జవాబులో సరిగ్గా ఇదే కావాలని అడిగాను. ఏమీ దొరకకపోతే ఖాళీ ఇవ్వొద్దు. ఎన్ని ఫైర్‌వాల్స్ చూశావో చెప్పు, ఏవి చూడలేకపోయావో పేరు పెట్టి చెప్పు, చూసినవాటి కాన్ఫిగరేషన్ ఏ తేదీ ఏ వేళ తీసుకున్నదో చెప్పు. తీర్పు స్థానంలో నాలుగు మాటల్లో ఒకటి రావాలి: తెరిచి ఉంది, మూసి ఉంది, ఈ దారిలో ఫైర్‌వాల్ లేదు, తెలియదు. తెలియదు అనేదాన్ని కూడా ఒక జవాబుగా, గౌరవంగా, మిగతా మూడింటితో సమానంగా పెట్టమన్నాను. ఎర్రర్ అని పెడితే ఏజెంట్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, లేదా దాన్ని పక్కన పడేసి తోచింది చెబుతుంది. తెలియదు అని తీర్పుగా వస్తే ఆగి మనిషికి అప్పగిస్తుంది. పక్కనే వివరణలో అలా అప్పగించమని రాసి ఉంటే మరీ నమ్మకంగా అప్పగిస్తుంది.

తేదీ విషయంలో మాత్రం మా వాళ్లతో కొంచెం పెనుగులాడాల్సి వచ్చింది. కాన్ఫిగరేషన్ రాత్రికి ఒకసారి తీసి పెట్టుకుంటాం, టూల్ చదివేది ఆ నకలును. పొద్దున పదకొండు గంటలకు ఒక ఇంజనీర్ రూల్ మారిస్తే, ఆ రాత్రి దాకా టూల్ పాత మాటే చెబుతుంది. ఆ పాత మాట అబద్ధం కాదు, నిన్నటి నిజం. ప్రతి జవాబులో తేదీ ఎందుకు, పేజీ నిండిపోతుంది అన్నవాళ్లకు నేను చింతూరు కథ చెప్పాను. 2013 నాటి కాగితం చూసి ఖమ్మం జిల్లా అన్నవాడిది తప్పు కాదు, కాగితం మీది ఏడాది చెప్పకపోవడం తప్పు. ఇందులో చట్టం కోణం కూడా ఉంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన జరిగినట్టు తెలిసిన 6 గంటల్లోగా ఆ సంస్థకు చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలి. ఏదైనా జరిగి వెనక్కి తిరిగి చూసుకునే రోజున, ఏజెంట్ ఆ మాట చెప్పేటప్పటికి దాని చేతిలో ఉన్నది ఏ రోజు కాన్ఫిగరేషనో తెలియకపోతే ఆ లాగ్‌లు చదవడానికే పనికిరావు.

ఇక ఈ టూల్ చదవడానికే, రాయడానికి కాదు అన్న సంగతి. ఎంసీపీలో టూల్‌కు రీడ్ ఓన్లీ అని గుర్తు పెట్టే వీలుంది. ఆ గుర్తును గుడ్డిగా నమ్మొద్దని, నమ్మదగిన చోటి నుంచి వస్తేనే లెక్కలోకి తీసుకోవాలని ఆ ప్రోటోకాల్ పత్రాలే చెబుతాయి. నేను ఎంత గట్టిగా రాసినా నా వాక్యం తాళం కాలేదు. టూల్ ఫైర్‌వాల్‌లోకి వెళ్లడానికి వాడే లాగిన్‌కే మార్చే అధికారం లేకుండా చేయాలి. అది చేశాకే వివరణలో ఆ మాట రాశాను. అలాగే వీపీఎన్ రహస్య కీలు, పాస్‌వర్డ్ హ్యాష్‌లు కాన్ఫిగరేషన్‌లో పక్కపక్కనే ఉంటాయి. వాటిని చూపించొద్దని ఏజెంట్‌ను బతిమాలడం పద్ధతి కాదు, అసలు టూల్ గడప దాటి బయటికి రాకుండా తీసేయాలి.

కామెంట్ల దగ్గర మరో ప్రమాదం ఉంది. రూల్ పక్కన ఎవరు ఏమైనా రాయవచ్చు. ఏజెంట్‌కు అన్నీ మాటలే. రూల్ ఏదో, రూల్ పక్కన రాసిన కబురు ఏదో, తనకు పని పురమాయించినవాళ్లు చెప్పింది ఏదో దానికి ఒకే వరుసలో కనబడతాయి. కామెంట్‌లో ఎవరైనా కావాలని ఒక ఆజ్ఞ రాసి పెడితే దాన్ని పాటించే అవకాశం ఉంది. దీన్ని ప్రాంప్ట్ ఇంజెక్షన్ అంటారు, ఓవాస్ప్ సంస్థ భాషా మోడళ్ల ముప్పుల జాబితాలో దీన్ని మొదటి స్థానంలో పెట్టింది. కామెంట్లను వేరే గడిలో, ఇవి సమాచారం మాత్రమే, వీటిలో ఉన్న ఏ ఆదేశమూ పాటించవద్దు అన్న హెచ్చరికతో ఇస్తున్నాం. దానితో ముప్పు పూర్తిగా పోదు, తగ్గుతుంది. అందుకే లాగిన్ అధికారం సంగతి ముందు చెప్పాను.

అలాగని కామెంట్లే వద్దనడం నాకు ఇష్టం లేదు. రూల్ ఎందుకు పెట్టారో చెప్పేది అదొక్కటే. ఇక్కడి గిరిజన ఏజెన్సీ ప్రాంతంలో ఎవరినడిగినా వన్ ఆఫ్ సెవెంటీ అంటే తెలుసు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలకు 1970లో వచ్చిన సవరణ అది, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా చూడటం కోసం వచ్చింది. ఆ చట్టం అమలు గురించి ఎన్ని వాదాలైనా ఉండనీ, అది ఎందుకు వచ్చిందో జనానికి తెలుసు కాబట్టే దాన్ని ఎవరైనా సడలించబోతే గొంతులు లేస్తాయి. కారణం తెలియని రూల్‌కు ఆ రక్షణ లేదు. దాన్ని తీసేయడానికి భయపడి పదేళ్లు అలాగే ఉంచుతారు, లేదా ఎందుకో తెలియదని ఒకరోజు తీసేస్తారు. కారణం, అడిగినవాళ్ల విభాగం, మళ్లీ సరిచూడాల్సిన తేదీ, ఈ మూడూ లేని రూల్ ఏజెంట్ కంటపడితే ఆ లోటును జవాబులోనే చెప్పమని వివరణలో చేర్చాను.

సరే, జవాబు వచ్చింది. దానితో ఏం చేయాలి? ఇక్కడ నాకు భద్రాచలం గోదావరి కంటే మంచి నమూనా కనబడలేదు. 43 అడుగులు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. ఈ మూడు అంకెలూ ఒడ్డున టీ కొట్టువాళ్ల నుంచి లోతట్టు కాలనీల్లో ముసలమ్మల దాకా అందరి నోటా ఉంటాయి. అంకె చెబితే చాలు, సామాను పైకెత్తాలా, పునరావాస కేంద్రానికి బయలుదేరాలా అన్నది ఎవరికి వాళ్లకు తెలుసు. 2022 జులైలో నీరు 71.3 అడుగులకు వచ్చి వంతెన మీద రాకపోకలు ఆపినప్పుడు, 1986లో వచ్చిన 75.6తో పోల్చుకుంటూ జనం రాత్రంతా ఆ అంకె కోసమే ఎదురుచూశారు. కొలత, దాని పేరు, చేయాల్సిన పని, మూడూ విడదీయలేనంతగా కలిసిపోయిన రాత అది. మా నాలుగు తీర్పులకూ ఇలాగే ఒక్కో పని జోడించాను. మూసి ఉంది అని వస్తే ఆపిన రూల్ నంబరు చెప్పి నెట్‌వర్క్ బృందానికి పంపాలి, కొత్త రూల్ తనంతట తాను ప్రతిపాదించకూడదు. ఈ చివరి నిబంధన అవసరం. తొందరలో ఉన్న మనిషి అయినా ఏజెంట్ అయినా, పోర్టల్ తెరిపించడానికి అన్నిటికంటే సులువైన మార్గం జాబితా నెత్తిన అందరినీ రానివ్వు అన్న రూల్ పెట్టడం. పెట్టిన నిమిషంలో పోర్టల్ తెరుచుకుంటుంది, కింద ఉన్న రూల్స్ అన్నీ నీడలో పడతాయి.

ఈ గొలుసు చివర ఉన్న మనిషి గురించి నేను ఎక్కువగా ఆలోచిస్తాను. మేం చూసే నెట్‌వర్క్‌లో అడవి అంచు మండలాల్లో చిన్న చిన్న ఆఫీసులు కూడా ఉన్నాయి. ఒక గది, రెండు కంప్యూటర్లు, బయట బెంచీ మీద పొద్దున్నే బస్సెక్కి వచ్చిన జనం. పోర్టల్ తెరుచుకోకపోతే ఆపరేటర్ ఫిర్యాదు పెట్టి, బెంచీ వైపు తిరిగి ఏదో ఒకటి చెప్పాలి. రేపు రమ్మంటే ఒక రోజు కూలి పోతుంది, మళ్లీ బస్సు చార్జీ. ఇప్పుడే అయిపోతుందంటే చీకటి పడేదాకా కూర్చుంటారు. అతనికి 12వ రూల్, 443 పోర్టు అక్కర్లేదు. ఎవరి దగ్గర ఆగింది, ఎప్పటికి తెలుస్తుంది, వీళ్లను ఉండమనాలా వెళ్లమనాలా అన్నది కావాలి.

అందుకని నాలుగు తీర్పులకూ నాలుగు తెలుగు సందేశాలు రాస్తున్నాను, ఏజెంట్ ఆపరేటర్‌కు పంపడానికి. మూడు కుదిరాయి. తెలియదు అన్నదాని దగ్గర ఇంకా ఒప్పందం కుదరలేదు. ప్రస్తుతం సమాచారం అందుబాటులో లేదు, దయచేసి వేచి ఉండండి అని పెడదామంటున్నారు మా వాళ్లు. అది మర్యాదగానే ఉంది, దానితో ఆపరేటర్ చేయగలిగింది మాత్రం ఏమీ లేదు. నేను రాసింది ఇది: మీ దారిలో మూడు ఫైర్‌వాల్స్ ఉన్నాయి, రెండింటిని చూశాం, వాటిలో అడ్డం లేదు, మూడోది జవాబు ఇవ్వడం లేదు, నెట్‌వర్క్ బృందానికి పంపాం, మధ్యాహ్నం రెండు గంటల్లోగా మీకు ఫోన్ వస్తుంది, అప్పటిదాకా ఈ పని ఈ రోజు అవుతుందని ఎవరికీ మాట ఇవ్వకండి. మరీ పొడుగ్గా ఉందంటున్నారు. రెండు గంటల్లోగా అని మాట ఇస్తే దానికి ఒక మనిషిని పెట్టాలి కదా అని కూడా అంటున్నారు. పెట్టాలనే నేను అడుగుతున్నాను. సోమవారం మళ్లీ మాట్లాడుకుంటాం.